ఆ బుధవారం మీరెక్కడున్నారు?

(సంగారెడ్డిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, నా గొంతు కంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు పుస్తక పఠనం గొప్పదనం మీద చెప్పమన్నారు. ఆ విషయం మీద చెప్పేవాళ్ళు ఈ వారంలో ఇంకా ముగ్గురున్నారని తెలిసి, నన్ను వదిలెయ్యండి, నాకు వేరే సంగతి ఒకటుంది అని బతిమాలుకున్నాను. సరే మీ ఇష్టం సార్ అన్నారు. అట్లా అన్నందుకు ఇప్పుడు మీరందరూ భరించాలి.

ముందు ఒక పని చెయ్యండి. యాభై దాటినవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి, తలకు రంగు వేసినవాళ్ళు కూడా ఎత్తొచ్చు. (నవ్వులు) మంచిది. ఇప్పుడు నేను ఒక తారీఖు చెప్తాను. 1984 అక్టోబరు 31, బుధవారం. ఇందిరా గాంధీని ఆమె అంగరక్షకులే కాల్చి చంపిన రోజు. ఆ వార్త మీ చెవిన పడినప్పుడు మీరెక్కడున్నారో గుర్తు లేనివాళ్ళు చెయ్యి దించెయ్యండి.

చూశారా? ఒక్క చెయ్యి కూడా దిగలేదు. నిన్న పొద్దున ఏం టిఫిన్ తిన్నారని అడిగితే సగం దిగేవి.

పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఆమె ఈ దేశానికి ప్రధాని. అది అందరికీ తెలుసు. మన జిల్లాకు ఆమె ఎంపీ కూడా. ఇది మీ పుస్తకాల్లో ఉందో లేదో. 1980లో ఆమె రాయ్‌బరేలీలోనూ మెదక్‌లోనూ రెండు చోట్లా నిలబడి రెండు చోట్లా గెలిచారు. ఇక్కడ ఎదురు నిలిచింది జైపాల్ రెడ్డి గారు. రెండు లక్షలు దాటిన మెజారిటీ. గెలిచాక రాయ్‌బరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. అంటే ఆ బుధవారం ఢిల్లీలో పడిపోయిన మనిషి మన ఎంపీ. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది ఆ ఏడాదే. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ అంతకు చాలా ముందు, అరవైల్లోనే వచ్చింది, కానీ జనం దాన్ని కూడా ఆమె ఖాతాలోనే రాసేశారు. మా మేనమామ చచ్చేదాకా "గా బీహెచ్‌ఈఎల్ ఇందిరమ్మ మనకిచ్చింది" అనేవాడు. తారీఖులు చూపిస్తే, "నీకు చదువెక్కువైంది" అనేవాడు. జ్ఞాపకాలతో వచ్చే తంటా అది. ఆ తంటా గురించే ఇవాళ నా మాట.

నా జ్ఞాపకం ముందు చెప్తాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం. బస్టాండు ఎదురుగా ఒక ఇరానీ హోటల్ ఉండేది. దీపావళి వెళ్ళి వారం, పొద్దున పూట కొంచెం చలి. పదకొండు గంటలప్పుడు నేను హోటల్లో కూర్చుని ఉన్నాను. గాజు గ్లాసులో చాయ్, గ్లాసు అంచు ఒకచోట పగిలి ఉంది, పెదవికి తగలకుండా తిప్పి తాగుతున్నాను. గల్లా మీద రేడియో. పాట ఆగిపోయింది. వీణ వచ్చింది. తర్వాత బరువైన గొంతుతో ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరా గాంధీ ఇక లేరు అని వార్త. హోటలంతా నిశ్శబ్దం. సేటు లేచి గోడ దగ్గరికి పోయాడు.

ఆ గోడ సంగతి చెప్పాలి. అక్కడ ఇందిరమ్మ బొమ్మ ఉన్న క్యాలెండరు ఒకటుండేది. అంతకు రెండు నెలల ముందు, ఆగస్టు 16న, గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టారు. రాష్ట్రమంతా మండిపోయింది. బందులు, రాస్తారోకోలు, ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచడాలు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యేదాకా ఆ నెల రోజులూ హోటల్లో ఇందిరమ్మను తిట్టని బల్ల లేదు. సేటు ఏ పార్టీ మనిషీ కాదు, కానీ గిరాకీ ఎవరిదైతే వాళ్ళ పార్టీ. ఆ క్యాలెండరును గోడకు తిప్పి పెట్టేశాడు, తారీఖులు కనబడకపోయినా సరే అని. అక్టోబరు 31న లేచి వెళ్ళి దాన్ని మళ్ళీ ఇటు తిప్పి, ముందు ఒక అగరుబత్తి వెలిగించాడు. ఆగస్టులో బల్ల గుద్ది తిట్టిన సైకిల్ పార్టీ అన్నలే ముందు ఏడ్చారు.

ఈ కథను నేను ముప్పై ఏళ్ళకు పైగా చెప్పాను. క్లాసుల్లో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, రైల్లో పక్క సీటువాళ్ళకు చెప్పాను. బాగా చెప్తానని పేరు కూడా ఉంది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. నా వయసువాళ్ళు, ఇంకా పెద్దవాళ్ళు ఎక్కడ దొరికితే అక్కడ, ఆ రోజు సంగతి చెప్పమని అడిగి రాసుకోవడం. పరిశోధన అనకండి, అంత లేదు. మంగలి షాపులో, దవాఖాన బెంచీ మీద, పెన్షన్ క్యూలో. ఓ ముప్పై నలభై మంది అయ్యుంటారు. అందులోంచి కొన్ని వినండి.

ఆందోల్ వైపు ఒక ముసలమ్మ. వరి కోతల్లో ఉందట. గట్టు మీంచి ఎవరో అరుచుకుంటూ వచ్చారట. "కొడవలి కింద పడేసి కూసున్న బిడ్డా. మా అవ్వ సచ్చినప్పుడు గూడ అంత ఏడ్వలే. మా అవ్వ ముసల్ది, పోవాల్సింది పోయింది. గామెను కాల్చిండ్రు గద." ఆ మర్నాడు కూలి దొరకలేదు అని కూడా చెప్పింది. ఏడుపు ఎంత గుర్తుందో పోయిన కూలి డబ్బులూ అంతే గుర్తున్నాయి. నాకు అట్లా చెప్పేవాళ్ళంటే నమ్మకం.

ఒక మంగలాయన. ఆ పది రోజుల్లో గుండు చేయించుకున్నవాళ్ళు కొందరు వచ్చారట. "డబ్బులు తీస్కున్నవా?" అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "కొందరి దగ్గర తీస్కున్న సార్" అన్నాడు.

ఒక రిటైర్డ్ కండక్టరు. హైదరాబాద్ నుంచి వచ్చే మధ్యాహ్నం ట్రిప్పులో ఆయనే వార్త తెచ్చానంటాడు. పటాన్‌చెరు దగ్గర బస్సాపి చెప్తే డ్రైవరు నమ్మలేదట. ఇదే వార్తను తామే ముందు తెచ్చామని చెప్పిన కండక్టర్లు నా నోటుబుక్కులో ముగ్గురున్నారు. (నవ్వులు) ముగ్గురూ ఒకే బస్సులో అయితే రాలేరు కదా.

మా స్కూల్లో ఉర్దూ మాస్టారు ఉండేవారు. పెద్ద ఫిలిప్స్ రేడియో. షార్ట్‌వేవ్‌లో గరగర మధ్య బీబీసీ పట్టేవారు. పొద్దునే తెలుసు నాకు, ఎవరికీ చెప్పలేదు అని ఆయన చివరిదాకా అనేవారు. ఎందుకు చెప్పలేదు మాస్టారూ అంటే, "తప్పని తేలితే నన్నే పట్టుకుంటారు కదా బేటా" అన్నారు. ఆయన మాట ఒక్కటి ఇప్పుడు పక్కన పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక టీవీ. నవంబరు 3, శనివారం, దహన సంస్కారం. దేశమంతా దూరదర్శన్‌లో చూపించారు. మా వీధిలో ఒక ఇంజనీరు గారింట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ. హైదరాబాద్ సిగ్నల్ అందాలని మేడ మీద పొడుగు పైపు పెట్టి దాని మీద యాంటెన్నా. గాలి వీస్తే బొమ్మ వంకర పోయేది, ఒకడు పైన నిలబడి తిప్పాలి, "వచ్చిందా?" అని పైనుంచి, "ఇంకొంచెం" అని కిందనుంచి. గదిలో యాభై మంది. అప్పుడు ఆడవాళ్ళు మాట్లాడుకున్న మాటలు మా అక్కకు బాగా గుర్తు. "పాపం కోడలు చూడు, ఎట్లయిందో." "గా పిల్లగాడు రాజీవ్ కొడుకా?" "అమితాబ్ బచ్చన్ గూడ వచ్చిండే." వెనకనుంచి ఒక పిల్లోడు, "రేపు ఆదివారం సినిమా ఎయ్యరా?" అన్నాడట. వాళ్ళమ్మ వీపు మీద ఒకటి వేసింది. తర్వాత ఆవిడే మెల్లగా పక్కావిడను అడిగిందట, ఎయ్యరా అని. (నవ్వులు)

నవ్వొచ్చినా ఇందులో తప్పేమీ లేదు. చావు ఇంట్లో కూడా చాయ్ ఎవరికి పోయలేదో ఎవరో ఒకరు చూసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ నోటుబుక్కును సరిచూసుకోవడానికి ఆ రోజు ఏ గంటకు ఏం జరిగిందో చదవడం మొదలుపెట్టాను. ఇదే లైబ్రరీలో, ఆ మూల బల్ల దగ్గర. పొద్దున తొమ్మిది దాటాక ఆమె సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంటినుంచి పక్కనున్న అక్బర్ రోడ్డు ఆఫీసుకు తోటలోంచి నడుస్తున్నారు. అక్కడ పీటర్ ఉస్టినోవ్ అనే నటుడు టీవీ ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నాడు. మధ్యలో గేటు దగ్గర ఆమె అంగరక్షకులు, ఇద్దరూ సిక్కులే, బియాంత్ సింగ్, సత్వంత్ సింగ్ కాల్చారు. అంబాసిడర్ కారులో ఎయిమ్స్‌కు తీసుకుపోయారు. రాష్ట్రపతి జైల్ సింగ్ యెమెన్‌లో ఉన్నారు. రాజీవ్ బెంగాల్లో ఎన్నికల పర్యటనలో ఉన్నారు. ఆమె చనిపోయారన్న మాట ప్రభుత్వం వెంటనే చెప్పలేదు. బీబీసీ చెప్పేసింది. ఆకాశవాణి అధికారికంగా చెప్పేసరికి సాయంత్రం ఆరు.

సాయంత్రం ఆరు.

మరి నా పదకొండు గంటల వీణ? నా చాయ్ గ్లాసు? గల్లా మీద రేడియో ఆ మాట పదకొండు గంటలకు చెప్పే వీలే లేదు. సాయంత్రం విన్నదాన్ని పొద్దునకు మార్చుకున్నానేమో. ఎక్కడో ఎవరో చెప్పగా విన్నది రేడియోకు అంటించానేమో. ఆ బరువైన గొంతు తర్వాత నెల రోజులు విన్న గొంతుల్లో ఏదో ఒకటేమో. ముప్పై ఏళ్ళకు పైగా ఒట్టు పెట్టి చెప్పిన కథ. నాకు చాలా అవమానంగా అనిపించింది, నిజం చెప్తున్నాను. రెండు రోజులు నోటుబుక్కు ముట్టుకోలేదు.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కడి జబ్బు కాదని. 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇట్లాంటి జ్ఞాపకాల మీద ఒక వ్యాసం రాశారు. కెనడీ హత్య వార్త ఎక్కడ విన్నారో అమెరికావాళ్ళు ఫోటో తీసినట్టు చెప్తారు కదా, దాని మీద. కెమెరా ఫ్లాష్ కొట్టినట్టు మనసులో అచ్చు పడుతుందని దానికి ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం అని పేరు పెట్టారు. పేరు బాగుంది. అయితే ఉల్రిక్ నైసర్ అని ఇంకొకాయనకు అనుమానం వచ్చింది. ఆయనకు ఒక జ్ఞాపకం ఉంది. పెర్ల్ హార్బర్ మీద దాడి వార్త, 1941 డిసెంబరులో, తను పిల్లవాడిగా ఇంట్లో రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ వింటుండగా, మ్యాచ్ మధ్యలో ఆపి చెప్పారని. ఎన్నో ఏళ్ళు అట్లాగే నమ్మాడు. ఒకరోజు తట్టిందట, డిసెంబరులో బేస్‌బాల్ ఎక్కడిది అని! అది ఎండాకాలం ఆట. మనం సంక్రాంతికి మామిడిపండ్లు తిన్నానని చెప్పినట్టు.

1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు ఆయనా, నికోల్ హార్ష్ అనే ఆవిడా కలిసి ఒక పని చేశారు. మర్నాడు పొద్దునే కాలేజీలో 106 మంది పిల్లల చేత వార్త ఎట్లా తెలిసిందో రాయించారు. రెండున్నరేళ్ళ తర్వాత అందులో 44 మందిని పిలిచి మళ్ళీ రాయించారు. నాలుగో వంతు మంది రాసిన దాంట్లో ఒక్క ముఖ్యమైన ముక్క కూడా మొదటి దానితో కలవలేదు. క్లాసులో విన్నవాడు హాస్టల్ గదిలో టీవీలో చూశానన్నాడు. ఇంకా తమాషా, వాళ్ళ చేతిరాతతోనే ఉన్న పాత కాగితం ముందు పెట్టినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. రాత నాదే, కానీ జరిగింది అట్లా కాదు అన్నవాళ్ళున్నారు.

నాకు కొంచెం ఊరట కలిగింది. సరే, అందరం అబద్ధాలకోరులమే. ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకుని నవ్వుకోవచ్చు అనుకుని, మా అక్క దగ్గరికి పోయాను జహీరాబాద్‌కు. నా కంటే నాలుగేళ్ళు పెద్ద. జ్ఞాపకం గట్టిది. ఎవరు ఎవరికి ఎంత కట్నం ఇచ్చారో ఇప్పటికీ చెప్తుంది.

నా హోటల్ కథ విన్నది కదా చాలాసార్లు, మళ్ళీ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"తమ్మీ, నువ్ పొద్దుగాల హోటల్ల లేవు. ఇంట్లనే ఉన్నవ్. పగటాల దాటినంక పోయినవ్. చీకటి పడ్డంక వచ్చినవ్. వచ్చి ఏం జెప్పినవో యాదుందా?"

లేదన్నాను.

"పంజాబోళ్ళు మిఠాయిలు పంచుకుంటున్నరంట అన్నవ్. నాయిన అన్నం కాడ కూసున్నడు. ఎవలు జెప్పిండ్రురా అన్నడు. అందరంటున్నరు అన్నవ్."

నాకు గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు లేదు. పగిలిన గ్లాసు అంచు గుర్తుంది. ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టు ఒక్క పోగు కూడా లేదు. అక్క జ్ఞాపకం మాత్రం తప్పు కాకూడదా అని వాదించుకున్నాను, బస్సులో వస్తూ, నాలో నేను. కావచ్చు. ఆమె కూడా మనిషే. కానీ నాయిన అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు... నా విద్యార్థులు అబద్ధం చెప్పినప్పుడు నేను అడిగిన ప్రశ్న అదే, వాళ్ళు ఇచ్చిన జవాబూ అదే. "అందరంటున్నరు సార్."

ఆ మాట ఆ రోజుల్లో గాలిలో ఉందనడానికి మాత్రం కాగితం ఉంది. ఢిల్లీలో పౌరహక్కుల సంఘాలు రెండు, పీయూడీఆర్, పీయూసీఎల్, ఆ నవంబరులోనే తిరిగి విచారించి ఒక నివేదిక వేశాయి. జనంలో తిరిగిన పుకార్లు మూడని రాశారు. సిక్కులు మిఠాయిలు పంచుతున్నారన్నది మొదటిది. పంజాబ్‌నుంచి రైళ్ళ నిండా హిందువుల శవాలు వస్తున్నాయన్నది రెండోది. ఢిల్లీ మంచినీళ్ళలో విషం కలిపారన్నది మూడోది. ఈ చివరి రెండింటినీ పోలీసు బండ్లే మైకులు పెట్టి చెప్తూ తిరిగాయని కూడా అందులో ఉంది. తీన్‌మూర్తి భవన్‌లో భౌతికకాయం ఉంచినప్పుడు రక్తానికి రక్తం అన్న నినాదం దూరదర్శన్‌లో అందరి ఇళ్ళలోకీ వినబడింది.

తర్వాత ఏం జరిగిందో చదివినవాళ్ళకు తెలుసు. త్రిలోక్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి. టైర్లు, కిరోసిన్. ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులు చనిపోయారని తర్వాత ప్రభుత్వమే లెక్క ఇచ్చింది. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోంశాఖ కింద ఉంటారు. ఆ రోజు హోంమంత్రి మన వంగర పీవీ నరసింహారావు గారు. ఆయన పేరు చెప్పినప్పుడు ఇక్కడ మనం భాషల పాండిత్యం చెప్తాం, ఆర్థిక సంస్కరణలు చెప్తాం, ఈ మూడు రోజులు దాటేసి చెప్తాం. నేను కూడా పాఠాల్లో అట్లాగే చెప్పాను. పార్లమెంటులో ఒక ప్రధాని క్షమాపణ చెప్పడానికి 2005 ఆగస్టు దాకా పట్టింది. చెప్పింది మన్మోహన్ సింగ్. సజ్జన్ కుమార్ అనే మాజీ ఎంపీకి ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది 2018లో. అప్పటికి 34 ఏళ్ళు.

"సార్, అదంతా ఢిల్లీ సంగతి, మనకేంది" అనొచ్చు. నేనూ అదే అనుకున్నాను. ఇక్కడ ఏమీ జరగలేదు. నిజంగానే నేను చూసినంతలో ఈ ఊళ్ళో ఒక రాయి పడలేదు. ఆ డిసెంబరు ఎన్నికలు చూడండి. దేశమంతా సానుభూతితో కాంగ్రెస్‌కు నాలుగు వందలు దాటి సీట్లిచ్చింది. మన రాష్ట్రంలో 42కు 30 తెలుగుదేశానికి పోయాయి. ఆమె ఖాళీ చేసిన మెదక్ కూడా. హన్మకొండలో పీవీ గారు ఓడిపోయారు. ఏడుపు ఏడుపే, ఓటు ఓటే. మనవాళ్ళది ఆ లెక్క. అందుకే ఇక్కడ కోపం అంతగా పుట్టలేదని, మనం మంచివాళ్ళమని నాకు ఒక నమ్మకం ఉండేది.

అక్క చెప్పిన రాత్రి ఇంటికొచ్చి నోటుబుక్కు మొదటినుంచి చదివాను. ముప్పై నలభై మంది. రేడియో ఉంది, బస్సు ఉంది, వరి కోత ఉంది, గుండు ఉంది, క్యాలెండరు ఉంది. అందరూ ఎక్కడున్నారో ఉంది. షెడ్డు సర్దార్జీ ఒక్కరి మాటలోనూ లేడు. నా మాటలోనూ లేడు.

పోతిరెడ్డిపల్లి చౌరస్తా తెలుసు కదా. అప్పుడు అక్కడ ఇన్ని బిల్డింగులు లేవు. బొంబాయి రోడ్డు, అటూ ఇటూ లారీలు, తుమ్మ చెట్లు. హైవే పక్కన రేకుల షెడ్డు, లారీల కమాన్లు బాగుచేసేవాడు ఒక సర్దార్జీ. పెద్ద సుత్తి దెబ్బ మా కాలేజీ దాకా వినబడేదని మేం జోకులు వేసేవాళ్ళం. తెలుగు మనకంటే బాగా మాట్లాడేవాడు, అదీ మన జిల్లా తెలుగు. "ఏం బిడ్డా, మంచిగున్నవా? నాయిన మంచిగున్నడా?" అని అడిగేవాడు. పొద్దున పదింటికి పనివాళ్ళతో పాటు చాయ్‌కి అదే ఇరానీ హోటల్‌కు సైకిల్ మీద వచ్చేవాడు. గల్లా పక్కన బల్ల ఆయనది. అంటే నేను చెప్పే కథలో, ఆ హోటల్లో, ఆయన కూర్చునే చోటు ఒకటుంది. నా కథలో అందరూ ఉన్నారు, సేటు, సైకిల్ పార్టీ అన్నలు, రేడియో. ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు.

మళ్ళీ బయల్దేరాను. ఈసారి ప్రశ్న మార్చాను. ఆ రోజు మీరెక్కడ అని అడగలేదు. ఆ వారం సర్దార్జీ ఎక్కడ అని అడిగాను.

అడిగితే గుర్తొచ్చింది అందరికీ! అదే విచిత్రం. షెడ్డు మూసి ఉంది కొన్ని రోజులు అన్నారు. నాలుగు రోజులని ఒకరు, రెండు వారాలని ఒకరు. ఆయన బీదర్ పోయాడు, గురుద్వారాకు, అని ఒకరు. ఎక్కడికీ పోలేదు, షెడ్డు వెనక గదిలోనే ఉన్నాడు, నేనే పాలు పోసిన అని ఒక పాలాయన. "ఏమన్నా మాట్లాడిండా?" అంటే, "డబ్బులు ఎక్కువిచ్చిండు సార్, నేను వద్దన్న, మళ్ళ తీస్కున్న" అన్నాడు. ఈ ఊళ్ళో డబ్బు సంగతి మాత్రం ఎవరూ మరవరు, గమనించారా.

షెడ్డు మళ్ళీ తెరిచేసరికి పైన బోర్డు మీద సున్నం కొట్టి ఉందట. ఇది నలుగురైదుగురు చెప్పారు. ఎవరు కొట్టారో తెలియదు. ఆయనే కొట్టుకున్నాడని ఎక్కువమంది అంటారు. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన సలహా ఇచ్చాడని ఒకరన్నారు. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు. సుత్తి దెబ్బ మళ్ళీ మొదలైంది. ఆయన మాత్రం హోటల్‌కు రావడం మానేశాడు. చాయ్ ఫ్లాస్కులో తెప్పించుకునేవాడు, పనివాడితో. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదని అందరూ నొక్కి నొక్కి చెప్పారు. రండి అని కూడా అనలేదా అని అడిగితే, కొందరు నేల చూశారు. ఒకాయన, నా క్లాస్‌మేటే, కొంచెం కోపంగా, "నువ్వన్నవా?" అన్నాడు.

అనలేదు. ఆయన చౌరస్తాలో కనబడితే నేను సైకిల్ ఇటు పక్కకు తిప్పేవాణ్ణి. ఇది గుర్తుంది. ఎందుకు తిప్పేవాణ్ణో నాకు అప్పుడు తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పరీక్షల టెన్షన్‌లో ఉన్నానని అనుకున్నాను. ఇప్పుడు అక్క మాట విన్నాక ఆ సైకిల్ తిప్పడానికి ఒక కారణం దొరికింది. ఆ కారణం సరైందో కాదో చెప్పలేను. డిసెంబరులో బేస్‌బాల్ లాంటిదేమో అది కూడా.

ఏడాది తర్వాతనో రెండేళ్ళకో ఆయన షెడ్డు అమ్మేసి నాందేడ్ వెళ్ళిపోయాడు. కొడుకు మా తమ్ముడితో చదివేవాడు. వాడు తెలుగు పద్యాలు గడగడా చెప్పేవాడు, మా తమ్ముడికి వచ్చేవి కావు. వాడి కోసం వెతుకుతున్నాను. దొరికితే ఏం అడగాలో ఇంకా అనుకోలేదు. ఎక్కడున్నావురా ఆ రోజు అని మాత్రం అడగను.

ఉర్దూ మాస్టారి మాట పక్కన పెట్టమన్నాను కదా. నిజమైన వార్త పొద్దునే తెలిసి కూడా, తప్పని తేలితే తన్నే పట్టుకుంటారని నోరు మూసుకున్నాడాయన. నాకు ఆ భయం లేదు. పుకారు తెచ్చి అన్నం ముందు పెట్టాను. ఎవరు చెప్పారురా అని అడిగింది ఒక్క నాయినే. తర్వాత నాయిన ఇంకేమన్నాడు అని అక్కను అడిగాను. "ఏమనలే. అన్నం తిన్నడు. నువ్వు గూడ తిన్నవ్" అంది.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. అయిపోవచ్చింది, ఒక్క నిమిషం.

మీతో ఒక పనుండి వచ్చాను నేను. ఆ సున్నం కింద బోర్డు మీద ఏం రాసి ఉండేదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. పాలాయనకు చదువు రాదు. నా క్లాస్‌మేటు పంజాబ్ ఏదో అంటాడు, పంజాబ్ తర్వాత ఏముందో తెలియదు. నాలుగేళ్ళు రోజూ దాని ముందునుంచే సైకిల్ మీద కాలేజీకి పోయాను, నాకూ గుర్తు లేదు. ఆయన పేరు కూడా ఎవరికీ తెలియదు. అందరం సర్దార్జీ అనే పిలిచాం. ఇందాక చేతులెత్తినవాళ్ళలో చౌరస్తా వైపు ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లారీ పని చేసినవాళ్ళు, ఆ రోడ్డున పోయినవాళ్ళు?

(వెనక వరసలోంచి ఎవరో ఏదో అన్నారు.)

ఏమన్నారు? వినబడలేదమ్మా. కూర్చోకండి, నిలబడే చెప్పండి. బాబూ, ఆ మైకు కొంచెం వెనక్కి ఇవ్వండి.